స్కూటర్ సరే అంది, కారు ఆలోచిస్తోంది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్ళలో ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేవాళ్ళు చార్జింగ్ స్టేషన్ ఎక్కడుందని పెద్దగా వాకబు చేయరు. రాత్రి వసారాలో ప్లగ్గు పెడితే పొద్దున్నకి బండి సిద్ధం. పొలానికి, బజారుకి, బడికి తిరగడానికి అది చాలు.

కారు దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. ఈ మినహాయింపు 2026 చివరిదాకా ఉంటుంది. ధర భారం కొంత తగ్గింది, దారి భయం మాత్రం అలాగే ఉంది. హైవేల మీద ఇరువైపులా 25 కిలోమీటర్లకో చార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్రం 2018లోనే మార్గదర్శకాలిచ్చింది. హైదరాబాద్–కర్నూలు హైవే కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోతుంది. వనపర్తి, గద్వాల పట్టణాలు దానికి పక్కగా, లోపలికి ఉంటాయి. హైవేకి కట్టిన లెక్క ఊళ్ళోకి రాదు.

నాగర్‌కర్నూల్ జిల్లాది ఇంకో కథ. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి శ్రీశైలం దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి దూరుతుంది. రాత్రి తొమ్మిదికి గేటు పడితే మళ్ళీ తెరిచేది పొద్దున ఆరుకే. ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ త్వరగా తరుగుతుంది. అందుకే శ్రీశైలం వెళ్ళేవాళ్ళు అడవికి ముందే చార్జింగ్ చూసుకోవాలి.

బళ్ళు లేవని స్టేషన్ పెట్టరు, స్టేషన్ లేదని బళ్ళు కొనరు. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదన్న సామెతే. బస్టాండ్లు, కలెక్టరేట్ల ఆవరణల్లో ముందు ప్రభుత్వమే ఒక్కోచోట రెండు ఫాస్ట్ చార్జర్లు పెట్టి చూడొచ్చు.