పోయే దూరం – ఆగే దూరం

మానవ నాగరికతా వికాసంలో చక్రానికి విశిష్టమైన స్థానం ఉంది. చక్రం వేగాన్ని ఇచ్చింది. వేగం దూరాలను తగ్గించింది. అయితే ఎంతటి వేగానికైనా ఒక ఆధారం ఉండాలి. సౌధానికి పునాది ఎటువంటిదో, వాహనానికి టైరు అటువంటిది. కారు కొనదలచినవారు దాని రంగును, రూపాన్ని, లోపలి సౌకర్యాలను నిశితంగా పరిశీలిస్తారు. టైర్ల వైపు దృష్టి సారించేవారు మాత్రం అరుదు. నిజానికి టన్నుకు పైగా బరువున్న కారు నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క చోటు ఇంచుమించు అరచేయంత. నడవడం, మలుపు తిరగడం, ఆగడం – ఈ మూడూ ఆ కొద్దిపాటి స్పర్శపైననే ఆధారపడి ఉంటాయి.

విద్యుత్ కారుకూ గాలి టైరుకూ గల అనుబంధం నేటిది కాదు. బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. పదకొండేళ్ళ తరువాత, 1899 ఏప్రిల్ 29న, పారిస్ సమీపంలోని అషేర్ వద్ద బెల్జియం దేశీయుడైన కామిల్ జెనాట్జీ గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటాడు. రోడ్డుపై నడిచే వాహనం ఆ వేగాన్ని అధిగమించడం అదే ప్రథమం. ఆ కారు పెట్రోలుతో కాక బ్యాటరీలతో నడిచింది. దానికి అమర్చినవి మిషెలిన్ సంస్థ గాలి టైర్లు. ఆ కారు పేరు ‘లా జమే కోంతాంత్’. ఎన్నడూ తృప్తి చెందనిది అని ఆ ఫ్రెంచి పేరుకు అర్థం. తరువాతి కాలంలో పెట్రోలు వాహనాల ప్రాబల్యం పెరిగి విద్యుత్ కారు మరుగున పడింది. మళ్ళీ ఇప్పుడు అది ఇంటి ముంగిటికి వచ్చింది.

మచిలీపట్నంలో నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయుని అనుభవం ఈ సందర్భంలో గమనింపదగినది. భార్య చికిత్స కోసం ఆయన వారానికి రెండుసార్లు విజయవాడకు వెళ్ళవలసి ఉండేది. రానుపోను దాదాపు 140 కిలోమీటర్లు. బస్సు ప్రయాణం ఆమెకు భారం కావడంతో విద్యుత్ కారు కొనాలని నిశ్చయించుకొని, కుమార్తెను వెంటబెట్టుకొని విజయవాడలోని ఒక షోరూమ్‌కు వెళ్ళాడు.

“మాస్టారూ, ఒక్కసారి ఛార్జి చేస్తే 350 కిలోమీటర్లు వెళ్తుందండీ. పెద్ద చక్రాల మోడల్ తీసుకోండి. చూడటానికి ఎంతో ఠీవిగా ఉంటుంది” అన్నాడు అక్కడి ఉద్యోగి.

కారు కంకిపాడు దారి పట్టింది. ఉపాధ్యాయుడు పెడల్‌ను తాకీ తాకకముందే కారు ముందుకు దూకింది. పెట్రోలు ఇంజను తన పూర్తి బలాన్ని అందుకోవడానికి కొంత వేగం పుంజుకోవాలి. విద్యుత్ మోటారు తొలి క్షణం నుండే పూర్తి బలంతో చక్రాన్ని తిప్పగలదు. ఆ తాకిడిని మొదట భరించేది టైరే. పైగా బ్యాటరీ మూలంగా విద్యుత్ కారు అదే తరహా పెట్రోలు కారు కంటే బరువు. అందుచేత దాని టైర్లు త్వరగా అరిగే అవకాశం ఎక్కువ.

“నాన్నగారూ, ఇది నున్నని రోడ్డు. అమ్మను తీసుకువెళ్ళే రోజున దారి ఇలాగే ఉంటుందని చెప్పలేం. ఆ కాలువగట్టు రోడ్డు మీద కూడా నడిపి చూడండి” అన్నది కుమార్తె.

గతుకుల దారిలోకి తిరగగానే పరిస్థితి మారింది. పెద్ద చక్రానికి తొడిగిన టైరు ఎత్తు తక్కువ. గతుకును మింగగల గాలి మెత్తదనం అందులో స్వల్పం. ప్రతి కుదుపూ వెన్నెముకకు తెలిసింది. ఇంజను చప్పుడు లేనందువల్ల టైర్ల రొద స్పష్టంగా వినిపించింది. తరువాత చిన్న చక్రాల మోడల్‌ను అదే దారిలో నడిపారు. ప్రయాణం మెత్తగా సాగింది. రోగి ప్రయాణించే కారుకు ఠీవి కన్న ఈ మెత్తదనమే ముఖ్యమని తండ్రీ కుమార్తెలు గ్రహించారు.

ఇక టైరు రకాన్ని ఎంచుకోవలసి వచ్చింది. ఆ మోడల్ టైరు పక్కగోడపై 215/60 ఆర్16 95హెచ్ అని ఉంది. 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే ఆ వెడల్పులో నూటికి అరవై వంతుల ఎత్తు. ‘ఆర్’ రేడియల్ నిర్మాణాన్ని, 16 చక్రపు వ్యాసాన్ని అంగుళాలలో తెలుపుతాయి. 95 అనే సూచిక ఒక్కొక్క టైరు 690 కిలోల బరువు మోయగలదని, ‘హెచ్’ గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకోగలదని చెబుతాయి. టైరు మార్చినా కారు తయారీదారు నిర్దేశించిన బరువు సూచిక కంటే తక్కువది వాడరాదు.

అదే కొలతలో టైర్ల దుకాణంలో రెండు రకాలు లభించాయి. దొర్లేటప్పుడు రబ్బరు అణగి, తిరిగి లేస్తూ కొంత శక్తిని వేడిగా కోల్పోతుంది. ఈ నష్టం తక్కువగా ఉన్న టైరు కారును ఎక్కువ దూరం తీసుకుపోతుంది. మొదటి రకం అటువంటిది. రెండవది తడి రోడ్డుపై గట్టి పట్టునిచ్చేది. ఈ రెండు గుణాలను ఒకేచోట సమకూర్చడం సులభం కాదు. 1990ల నుండి రబ్బరులో సిలికా కలపడం వల్ల వాటి మధ్య వైరం తగ్గిందే కాని పూర్తిగా తొలగలేదు. భారత ప్రభుత్వం 2022లో దొర్లుడు నిరోధం, తడి పట్టు, శబ్దం – ఈ మూడింటికీ టైర్లు పాటించవలసిన ప్రమాణాలను నిర్దేశించింది.

ఉపాధ్యాయుని మనస్సు మొదట ఎక్కువ దూరం వైపే మొగ్గింది. మార్గమధ్యంలో ఛార్జి అయిపోతుందేమోనన్న భయం సహజమే. అప్పుడు కుమార్తె కాగితంపై లెక్క వేసింది. “ఏసీ వేసుకున్నా, బరువు ఎక్కువైనా 250 కిలోమీటర్లు వస్తాయనుకోండి నాన్నగారూ. మనకు కావలసింది 140. ఇంకో పదిహేను తగ్గినా నష్టం లేదు. కానీ తుపాను వానలో ఎదురుగా గేదె అడ్డం వస్తే, కారు నాలుగు అడుగులు ముందే ఆగాలి కదా!”

ఆయన మారుమాట లేకుండా రెండవ రకానికి అంగీకరించాడు. ఎంత దూరం పోగలదన్నది కారు గొప్పతనాన్ని చెప్పవచ్చు. ఎంత దూరంలో ఆగగలదన్నది అందులోని ప్రాణాలను కాపాడుతుంది.

ఎంపికతో బాధ్యత ముగియదు. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలిని పరీక్షించాలి. గాలి తగ్గితే శక్తి వృథా అవుతుంది. టైరు వేడెక్కి పగిలే ప్రమాదమూ ఉంది. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరకమునుపే టైరును మార్చడం వివేకం. గాడులు అరిగితే నీరు పక్కకు పోయే దారి లేక కారు నీటిపై తేలి అదుపు తప్పుతుంది.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ప్రతిపాదించాడు. వస్తువుల ఎంపికకు కూడా ఆ సూత్రం వర్తిస్తుంది. పెద్దది, ఖరీదైనది, ఎక్కువ దూరం పోయేది అన్న విశేషణాలకు అంతం లేదు. ‘ఎన్నడూ తృప్తి చెందనిది’ అన్న పేరు 1899 నాటి కారుకు శోభించింది. అది పందెపు బండి. ఇంటిల్లిపాదినీ మోసే బండికి కావలసింది తగినదేదో తెలిసిన తృప్తి. తన దారిని, తన అవసరాన్ని, తనతో ప్రయాణించేవారి క్షేమాన్ని ఎరిగి ఎంచుకున్నదే ఉత్తమమైన ఎంపిక.