కలకత్తాలో రోజుకెంత?

మా భావనపాడులో పడవ ఒడ్డుకు వచ్చాక ఒక పద్ధతి ఉన్నది. చేపలు అమ్మిన డబ్బులో ముందు డీజిలు, మంచు, తిండి ఖర్చులు తీసివేసి, మిగిలిందే వాటాలు వేసుకుంటారు. పుట్టిన దగ్గర నుంచీ ఇది చూస్తూ గూడా, 2018లో మా యింటిల్లిపాదీ కలకత్తా బయలుదేరినప్పుడు నాకా లెక్క తట్టలేదు. (2001లో ఆ నగరం కోల్‌కతా అయింది గాని, మా వైపు అందరి నోటా ఇంకా కలకత్తానే.)

పలాసలో రాత్రి బండి ఎక్కితే మర్నాడు పొద్దెక్కేసరికి హౌరా. డబ్బంతా ఒకే పర్సులో, ఆ పర్సు నా జేబులో! మొదటి రోజు న్యూ మార్కెట్టులో చీరలు. అందులో సగం తప్పు నాదే. రెండో రోజు ఎక్కడికి వెళ్ళినా టాక్సీ. మూడోనాడు చూస్తే, గది అద్దెకూ తిరుగు ప్రయాణానికీ సరిపడా మాత్రం మిగిలింది. అమ్మ అడిగింది ఒక్కటే, దక్షిణేశ్వరం. అది కాస్తా ఆగిపోయింది.

"మరేటిలే నాన్నా, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దుం" అన్నది.

హుండీలో వేయడానికి ఆమె కొంగున ముడివేసి తెచ్చుకున్న రెండువందలూ రైల్లో మా పిల్లవాడి టిఫినుకు పోయినట్టు ఇంటికి వచ్చాక తెలిసింది.

2024లో మళ్ళీ వెళ్ళాము. ఈసారి పడవ లెక్క. రైలు టిక్కెట్లు, గది అద్దె ముందే పక్కన పెట్టాము. మిగిలిన దానిని రోజుకొక కవరులో వేశాము. నలుగురికి తిండికి 900, తిరుగుడుకు 300, ప్రవేశ టిక్కెట్లకూ టీలకూ 300, వెరసి 1500. జ్వరమో వానో వస్తే అని వెయ్యి రూపాయలతో అంటించిన కవరు వేరే. చీరల కవరు ఆఖరి సాయంత్రం దాకా విప్పరాదు. కవర్లన్నీ మా ఆవిడ దగ్గర, నన్ను నమ్మేదెవరు?

తిండిలో కడుపు కట్టుకోనక్కరలేదు. మిగిలేదల్లా తిరుగుడులోనే. మన దేశంలో మెట్రో రైలు మొదట నడిచింది ఆ ఊళ్ళోనే, 1984లో. కనీసపు టిక్కెట్టు 5 రూపాయలు. హుగ్లీ నది అడుగునుంచి వెళ్ళే దారి 2024 మార్చిలో తెరిచారు గనుక హౌరా నుంచి ఎస్ప్లనేడుకు టాక్సీ అక్కరలేకపోయింది. చేపలు కనబడతాయని మావాడు అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. నీలం దీపాలు తప్ప ఏమీ లేవు. భావనపాడు పిల్లవాడికి ఇది పెద్ద అన్యాయమే!

మరొక మాట. 1814లో పుట్టిన ఇండియన్ మ్యూజియానికీ, విక్టోరియా మెమోరియల్ లోపలి గదులకూ సోమవారం సెలవు. తెలియక వెళితే రానూపోనూ ఖర్చు దండుగ. మేము సోమవారాన్ని గుళ్ళకు ఉంచాము. పొద్దున్నే కాళీఘాటు. అక్కడినుంచి అదే మెట్రోలో దక్షిణేశ్వరం. 2021లో ఆ లైను అక్కడిదాకా పొడిగించారు. మనిషికి పాతిక దాటలేదు. మొదటిసారి టాక్సీలకు పోసిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమ్మ మోకాళ్ళు 2018లో ఉన్నట్టు లేవు. రాణీ రాస్మణి 1855లో కట్టించిన ఆ గుడి మెట్లు, మావాడి భుజం పట్టుకుని, ఒక్కొక్కటే ఎక్కింది. ఆనాటి కవరులో ఇంకా 140 ఉన్నాయి. హుండీలో వెయ్యమని ఇస్తే పుచ్చుకోలేదు. కొంగుముడి విప్పుకున్నది.