కొన్న ఆటకు తాళము

2024వ సంవత్సరము జూను నెలలో, వేసవి సెలవుల పిమ్మట మన పాఠశాల తెఱచిన మొదటి వారమున, తొమ్మిదవ తరగతి విద్యార్థి నొకనిని నేను తరగతి యెదుట దొంగగా నెంచి మాటలాడితిని. ఆ మాట నేటికిని నా మనస్సును బాధించుచున్నది. ఆ బాలుడును, వాని తండ్రియు, ఆనాడు విని నవ్విన తోడి పిల్లలును ఈ పత్రికను చదువుదురు. కావున నా మాటలో ఎంత సత్యము కలదో, ఎంత తొందరపాటు కలదో, ఇచ్చటనే విన్నవించుట న్యాయమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

జరిగిన సంగతి యిది. ఆ బాలుని తండ్రి కువైటులో పని చేయుచున్నారు. కుమారుని పుట్టినదినమునకు వారొక ల్యాప్‌టాపును పంపి, తమ జీతములోనుండి సొమ్ము చెల్లించి ఒక కంప్యూటరు ఆటను కొనియిచ్చిరి. వసతిగృహములో ఇంటర్నెట్టు అందినంత కాలము ఆ ఆట బాగుగనే నడిచెను. సెలవులలో బాలుడు తన గ్రామమునకు పోయెను. అచ్చట ఫోనుకే సిగ్నలు సరిగా అందదు. తెఱువబోయినప్పుడెల్ల ఆ ఆట దూరముననున్న కంపెనీవారి సర్వరును పలుకరింపగోరును; బదులు రానిచో తలుపు తీయదు. కొన్న ఆట నెల దినములు అట్లే పడియుండెను. తుదకు స్నేహితు డొకడు అదే ఆటను, తాళము విఱుగగొట్టినదానిని, పెన్‌డ్రైవులో తెచ్చియిచ్చెను. అది ఎవరి యనుమతియు నడుగకయే తెఱచుకొనెను.

పాఠశాల తెఱచిన పిదప ఆ బాలుడు పెన్‌డ్రైవును కంప్యూటరు గదికి తెచ్చి, ఏ దాపఱికమును లేక, "మాష్టారుగారూ, ఈ ఆటకు మా నాన్నగారు డబ్బు చెల్లించినారు. కొన్నది తెఱచుకొనదు, కొననిది తెఱచుకొనుచున్నది. దీనిని ఆడుట తప్పా?" అని యడిగెను. నేను ప్రశ్నను పూర్తిగా ఆలోచింపకయే, "కాపీ చేసిన సొత్తు దొంగసొత్తే" యని తరగతి యెల్ల వినునట్లు పలికి, పెన్‌డ్రైవును తీసికొంటిని. పిల్లలు నవ్విరి. వాడు తల వంచుకొని కూర్చుండెను. ఆ రాత్రి వాని తండ్రి కువైటునుండి ఫోను చేసి, మర్యాద తప్పకయే, "అయ్యా, నేను కష్టపడి కొన్న వస్తువునకు మావాడు దొంగ యెట్లయినాడో సెలవియ్యండి" అనిరి. నాయొద్ద బదులు లేకపోయెను.

బదులు లేకపోవుటకు మఱియొక కారణము కూడ కలదు. 1995వ సంవత్సరములో నేనును తొమ్మిదవ తరగతి చదువుచుంటిని. మా పట్టణములోని డాక్టరుగారి యింట ఒక కంప్యూటరు ఉండెను. అమెరికాలోని వారి బంధువులు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ యను ఆటను, పెట్టెతోను పుస్తకముతోను సహా, వారికి పంపిరి. జోర్డన్ మెక్నర్ అను నాతడు రచింపగా 1989లో వెలువడిన ఆ ఆటలో, కథానాయకుడు గంట కాలములో చెఱసాలనుండి బయటపడి రాజకుమార్తెను రక్షింపవలెను. డాక్టరుగారి కుమారుడు నా సహాధ్యాయి. వానియొద్దనుండి ఆటను ఫ్లాపీలోనికి ఎక్కించుకొని, కంప్యూటరు శిక్షణాలయములో పని చేయుచుండిన మా పెదనాన్నగారి అబ్బాయియొద్దకు పరుగెత్తితిని.

ఆరంభపు ఘట్టము దాటిన పిమ్మట ఒక గది వచ్చెను. అందు ఒక్కొక్క అక్షరము గుర్తుగా గల పానపాత్రలు ఉండెను. పుస్తకములో ఇన్నవ పుటలో, ఇన్నవ పంక్తిలో, ఇన్నవ పదముయొక్క మొదటి అక్షరము గల పాత్రను త్రాగుమని ఆజ్ఞ వచ్చెను. ఒకటి రెండు తప్పులకే నాయకుడు నేలకొరిగెను. ఆట నా ఫ్లాపీలో నుండెను; పుస్తకము డాక్టరుగారి యింట నుండెను. ఆ ఆటకు తాళ మా పుస్తకమే.

నేను మూడు సాయంకాలములు వారింటికి పోయి, ఆట చూచు నెపమున పుస్తకమును ముందుంచుకొని, పంక్తి పంక్తికిని పదముల మొదటి అక్షరములను నోటుపుస్తకములో వ్రాసికొంటిని. మూడవనాడు డాక్టరుగారు చూచి, ఏమి వ్రాయుచున్నావని యడిగిరి. "ఇంగ్లీషు మాటలు నేర్చుకొనుచున్నానండి" అంటిని. వారు నోటుపుస్తకమును తిప్పి చూచి, సంగతి గ్రహించి, "మా యింట నీవెంతసేపైనను ఆడుకొనవచ్చును గదా నాయనా. దొంగచాటుగా వ్రాసికొనవలసిన పని యేమి?" అని మాత్ర మనిరి. కొట్టియుండినను నాకంత బాధ కలుగకపోవును. ఆ నోటుపుస్తకమును చింపివైచితిని. 29 సంవత్సరముల పిదప ఒక బాలుని తరగతిలో నిందించిన ఉపాధ్యాయుడు అట్టివాడు.

కావున కొన్న ఆటలలో కాపీ ప్రొటెక్షను అనదగిన దేది, కాని దేది యని విచారించుటకు పూనుకొంటిని.

పూర్వపు తాళములు ఆటతోబాటు పెట్టెలోనే వచ్చుచుండెను. 1990లో వెలువడిన ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’ ఆటతో అట్టచక్రము నొకదాని నిచ్చిరి. చక్రమును త్రిప్పి ఓడదొంగ ముఖము పైసగమును క్రిందిసగమును సరిపుచ్చి, అందు కనబడు సంవత్సరమును ఆటకు తెలుపవలెను. 1989 నాటి ‘సిమ్ సిటీ’ ఆటకు సంకేతములను ముదురెఱుపు కాగితముపై అచ్చువేసిరి. జిరాక్సు యంత్రమునకు అవి సరిగా చిక్కవు. 1990లోనే వచ్చిన ‘స్టార్ ట్రాపిక్స్’ ఆటతో ఒక ఉత్తర ముండెను. దానిని నీటిలో తడిపినచో మఱుగుననున్న అంకెలు పైకి తేలును. ఆ ఆట కార్ట్రిడ్జిలో వచ్చునది గనుక సామాన్యులు దానిని నకలు చేయుట సులభము కాదు. అయినను ఉత్తరమును పోగొట్టుకొన్నవాడును, ఉత్తరము లేక ఆటను అద్దెకు తెచ్చుకొన్నవాడును నడిదారిలో ఆగిపోవలసినదే. దీనిని కాపీ ప్రొటెక్షను అనవలెనా, కథలోని వినోద మనవలెనా? ఇట్టి సందేహము కలిగినప్పుడు, ఆ యుపాయము ఎవరిని ఆపుచున్నదో చూడవలెనని నాకు తోచినది.

తరువాతి కాలమున డిస్కు యంత్రములో నున్నగాని నడువని ఆటలును, పెట్టెపై అచ్చువేసిన సంఖ్యను అడుగు ఆటలును వచ్చినవి. ఇవియు పెట్టె కొన్నవాని చేతిలోని తాళపుచెవులే. పుస్తకమును గాని, చక్రమును గాని, డిస్కును గాని భద్రపఱచుకొన్నవానికి అవి పనిచేయును. తయారుచేసిన కంపెనీ మూతపడినను తాళపుచెవి మన యింటనే యుండును.

ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట తాళపుచెవి కొన్నవాని చేతిలోనుండి అమ్మినవాని చేతిలోనికి పోయెను. 2008లో ‘స్పోర్’ అను ఆటను కొన్నవారు మూడు కంప్యూటర్లకు మాత్రమే అనుమతి పొందగలిగిరి. జనులు ఆక్షేపింపగా ఆ సంఖ్యను అయిదు చేసిరి. 2010లో ‘అసాసిన్స్ క్రీడ్ 2’ కంప్యూటరు ప్రతి, ఆడుచున్నంతసేపును ఇంటర్నెట్టు నిలిచియుండవలెనని విధించెను. సంబంధము తెగినచో ఆటయు ఆగిపోవును. 2013లో వచ్చిన క్రొత్త ‘సిమ్ సిటీ’ని కొన్నవారు అనేకులు, సర్వర్లు భారము మోయలేకపోవుటచే, మొదటి దినములలో లోనికే పోలేకపోయిరి. ఇంటర్నెట్టు లేకయే ఆడు ఏర్పాటు 2014లో గాని రాలేదు. 2014లో అమ్మకమునకు వచ్చిన ‘ద క్రూ’ అను ఆట సర్వర్లను 2024 మార్చి 31వ తేదీన మూసివేసిరి. ఒంటరిగా ఆడుకొనదలచినవానికి సయితము అది నాటితో పనికిరానిదయ్యెను. సొమ్ము చెల్లించినవారు చేసిన తప్పేమియు లేదు.

ఆటలను అమ్ము దుకాణమును తాళముగా నెంచుట కూడ సరికాదు. 2003లో ప్రారంభమైన స్టీమ్ దుకాణములో కొనుటకు ఖాతా కావలెను. కాని ఆటకు తాళము వేయుటయు, వేయకుండుటయు ఆట తయారుచేసినవారి యిష్టము. 2008లో మొదలైన జి.ఓ.జి. దుకాణము తాళము లేని ఆటలనే ప్రత్యేకముగా అమ్ముచున్నది. అచ్చట కొన్నవాడు ఆటను దింపుకొని తన డిస్కులో దాచుకొనవచ్చును.

మన దేశపు శాసనమును కూడ చూచితిని. 1957 నాటి కాపీరైటు చట్టములోని 52వ సెక్షను, న్యాయముగా ప్రతిని కలిగియున్నవాడు నష్టమునుండి కాపాడుకొనుటకు కంప్యూటరు ప్రోగ్రాము ప్రతి నొకదానిని చేసికొనుటకు అనుమతించుచున్నది. 2012లో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను హరించు నుద్దేశముతో ఇట్టి తాళములను తప్పించువానికి రెండు సంవత్సరములవఱకు ఖైదును, జరిమానాను విధింపవచ్చునని చెప్పుచున్నది. తాళమును తప్పించినవాని యుద్దేశమును విచారింపవలెనని శాసనమే చెప్పుచుండగా, నేను వాని మాటను సయితము పూర్తిగా విచారింపక తీర్పు చెప్పితిని.

మరుసటి వారము తరగతి యెదుటనే ఆ బాలునితో, "నాయనా, నిన్ను దొంగగా నెంచుట నా తప్పు. నన్ను క్షమింపుము" అని చెప్పి పెన్‌డ్రైవును తిరిగి యిచ్చితిని. పిదప వానిని ప్రక్కకు పిలిచి, ఆ పెన్‌డ్రైవులోనిది వాని తండ్రి కొన్న ప్రతినుండి చేసికొన్న నకలు కాదనియు, ఎవరో పరుల సొత్తును పలువురకు పంచుటకు చేసినదనియు, మనకు జరిగిన అన్యాయము వాని పనిని న్యాయము చేయజాలదనియు చెప్పితిని. నా ఫ్లాపీ కథను కూడ దాచలేదు. వాడు చాలసేపు ఊరకుండి, దానిని చెరిపివేసి, "అట్లయిన మా నాన్నగారు కొన్నదేమి, మాష్టారుగారూ?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు నేను సత్యమునే చెప్పవలసివచ్చెను. వారు కొన్నది వస్తువు కాదు, అనుమతి. దానిని అమ్మకమను పేర అమ్మిరి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 2025 జనవరి 1వ తేదీనుండి, ఇట్టివానిని అమ్మువారు అది లైసెన్సు మాత్రమేయని కొనువానికి స్పష్టముగా తెలుపవలెనను చట్టము అమలులోనికి వచ్చినది. ముందుగా తెలిపినచో కొనువాడు ఆలోచించుకొనును.

దసరా సెలవులకు ముందు మేమిరువురమును కంప్యూటరు గదిలో ఆ ఆటను ఇంటర్నెట్టుకు కలిపి, సంబంధము లేకయే ఆడు ఏర్పాటును వెదకి పెట్టితిమి. గ్రామములో అది కొన్ని దినములు నడిచి, మరల అనుమతి యడిగెనట. తిరిగి వచ్చిన పిదప బాలుడు నవ్వుచు, "మన హాస్టలు హాజరువంటిదండీ. సెలవులలో కూడ వచ్చి పలుకవలెను" అనెను. తండ్రి కంపెనీవారికి వ్రాసిన ఉత్తరమునకు ఇంతవఱకు జవాబు రాలేదు.

ఇప్పుడు నాకు తోచిన నిర్ణయ మిది. కొననివాడు రెండవ ప్రతి చేసికొనకుండ ఆపునది కాపీ ప్రొటెక్షను. దానిని గౌరవింపవలెను, ఆటను నిర్మించినవారును కూలికి పాత్రులే. కొన్నవానిని ప్రతిదినము గుమ్మమున నిలిపి అనుమతి యడిగించుకొనునది అద్దె కట్టడి. దానిని ఆ పేరుతోనే పిలువవలెను. తల్లిదండ్రులు కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందురు గాక: ఇంటర్నెట్టు లేనిచోట ఇది నడుచునా? ఎన్ని కంప్యూటర్లలో నడుచును? కంపెనీ మానివేసినచో మనకు మిగులున దేమి?

ఈ సంవత్సరము కుమారుని పుట్టినదినమునకు నాలుగు దినములు ముందుగా ఆ తండ్రి నాకు మరల ఫోను చేసిరి. "మాష్టారుగారూ, ఇంకొక ఆట కొందునని మాట యిచ్చినాను. తాళము లేనిదానిని చూచి చెప్పండి" అనిరి. ఆ రాత్రి బాలుడును నేనును కలిసి వెదకితిమి.