గేదె లేని పాల షెడ్డు

పొద్దున ఆరున్నరకు నేను వెళ్లేసరికి, రాత్రంతా నానిన సోయా గింజలు స్టీలు తొట్టెల్లో రెండింతలు లావెక్కి ఉన్నాయి. హైదరాబాద్ శివారు చర్లపల్లిలో, పారిశ్రామికవాడ వెనక సందులో ఉన్న చిన్న షెడ్డు అది. అక్కడ సోయా పాలు, టోఫు తయారు చేస్తారు. ఫ్రీజరులో కొంత ‘మొక్కల చికెన్’ కూడా ఉంటుంది. సూపర్ మార్కెట్ అరల్లో వీగన్ (జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిది) పేరుతో వరస కట్టిన ఈ పాలూ మాంసాలూ ఎవరికి పనికొస్తాయో, ఎవరికి దండగో తేల్చుకుందామని వెళ్లాను.

యజమానికి యాభై దాటాయి. మందుల కంపెనీలో ఉద్యోగం మానేసి, భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థలో సోయా ప్రాసెసింగ్ శిక్షణ తీసుకుని ఈ పని మొదలుపెట్టారు. “మీరు వీగనా?” అని అడిగితే నవ్వేశారు. గేదె పాల కాఫీ పడందే తనకు తెల్లవారదట. ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది. సొంత సరుకును మతంలా అమ్మేవాళ్లతో మాట్లాడటం కష్టం.

అసలు పనితనమంతా రుబ్బే చోటే ఉంది. నానిన గింజల్ని యంత్రంలోకి తోస్తూ, పక్క గొట్టంలోంచి మసిలే నీళ్లు వదులుతున్నావిడ తల తిప్పకుండానే చెప్పింది: “మొదట్ల చల్ల నీళ్లతోని రుబ్బినం సార్. పచ్చి చిక్కుడు వాసన గుప్పుమన్నది, ఒక్కరు తాగలె. ఉడుకు నీళ్లు పోస్కుంటనే రుబ్బాలె. అప్పుడే ఆ వాసన చస్తది.” గింజ పగిలిన క్షణంలోనే లైపాక్సిజనేజ్ అనే ఎంజైము అందులోని నూనె మీద, గాలిలోని ఆక్సిజన్ సాయంతో పనిచేసి ఆ పసరు వాసన పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైము పని ఆగిపోతుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా అదే.

రుబ్బాక ఆవిరి పాత్రలో కాస్తారు. నురగ అంచుదాకా పొంగగానే పాలు కాగాయనుకుని కొత్తవాళ్లు దించేస్తారట. సోయా పాలు మరిగే వేడికి చేరకముందే పొంగుతాయి. పచ్చి సోయాలో మన జీర్ణరసంలోని ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది. పొంగు అణిగాక కూడా బాగా మరిగిస్తేనే దాని జోరు తగ్గుతుంది. ఇంట్లో మిక్సీలో సోయా పాలు చేసుకుని కడుపు ఉబ్బరమని తిట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వడకట్టాక లేత మీగడ రంగు పాలు వచ్చాయి. పంచదార లేకుండా ఒక గ్లాసు ఇచ్చారు. మొదటి గుక్కలో ఉడికించిన వేరుశనగ రుచి, మింగాక నాలుక మీద సన్నటి పిండి పొర. బాగుందనీ బాగాలేదనీ చెప్పలేను. అలవాటు పడే రుచి.

లెక్కలు మాత్రం గట్టివే. సోయా గింజలో 40 శాతం దాకా మాంసకృత్తులు, 20 శాతం దాకా నూనె ఉంటాయి. కిలో గింజలకు ఆరు నుంచి ఎనిమిది లీటర్ల పాలు దిగుతాయి. నీళ్లు అతిగా కలపకపోతే 100 మిల్లీలీటర్లకు 3 గ్రాముల చుట్టూ మాంసకృత్తులు ఉంటాయి, ఆవు పాలకు దాదాపు సాటి. ఓడిపోయేది కాల్షియం దగ్గర. ఆవు పాలలో 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుంటే, ఏమీ కలపని సోయా పాలలో పాతిక దగ్గరే ఆగిపోతుంది. పెద్ద కంపెనీలు విడిగా కాల్షియం కలుపుతాయి. అది అడుగుకు దిగుతుంది కాబట్టి ప్యాకెట్టును బాగా గిలకొట్టకపోతే డబ్బిచ్చి కొన్న కాల్షియం అట్టపెట్టెలోనే మిగిలిపోతుంది.

పాలకు ప్రత్యామ్నాయం వెతకడం కొత్తదేమీ కాదు. 1912లో పాలు మానేసిన గాంధీజీ, తర్వాత జబ్బుపడి మేకపాలకు ఒప్పుకోవాల్సి వచ్చింది. పాలకు బదులు వచ్చే మొక్క ఆహారం కోసం ఆయన చాలాకాలం ఆరా తీశారు. 1935లో వార్ధా మగన్‌వాడిలో తన సహచరులకు సోయా తినిపించి చూశారు కూడా.

టోఫు గదిలో పని నిశ్శబ్దంగా సాగుతోంది. పాలు 80 డిగ్రీల దగ్గరికి దిగాక, తినడానికి పనికొచ్చే జిప్సం కలిపిన నీళ్లు పోసి, గరిటె ఒక్క చుట్టు తిప్పి వదిలేశాడు కుర్రాడు. కాసేపట్లో ముద్దలు ముద్దలుగా విరిగి, పక్కన లేత పసుపు నీరు తేరింది. గుడ్డ పరిచిన చిల్లుల పెట్టెలోకి ఎత్తి, మీద బరువు పెట్టాడు. జిప్సమంటే కాల్షియం సల్ఫేటే. అందుకే ఇలా విరిచిన టోఫులో కాల్షియం దండిగా ఉంటుంది. మెగ్నీషియం క్లోరైడుతో విరిచిన దాంట్లో అంత ఉండదు. ప్యాకెట్టు వెనక సన్న అక్షరాల్లో ఏది వాడారో రాసి ఉంటుంది, చూసుకోవాలి.

తొమ్మిదింటికి బండికి రెండు నీలం డ్రమ్ములు కట్టుకుని ఒకాయన వచ్చాడు. ఘట్‌కేసర్ అవతల బర్రెలు సాకుతాడట. పాలు పిండేశాక మిగిలిన సోయా పిప్పి ఆయనదే. ఇంకా పొగలు కక్కుతున్న పిప్పిని పారతో డ్రమ్ముల్లోకి ఎత్తుకుంటుంటే యజమాని ఏడిపించారు: “రేపు ఊరంతా నా పాలే తాగితే నువ్వేం చేస్తవ్?” ఆయన పార ఆపలేదు. “గప్పుడు గీ పిప్పి నువ్వే తిను అన్నా.” షెడ్డంతా నవ్వింది.

గేదెను తప్పించడానికి పెట్టిన షెడ్డు వ్యర్థంతో గేదెల్ని మేపుతోంది. ఇది ఇక్కడి వింతేమీ కాదు. ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి రైతులు వానాకాలంలో పండించే సోయా ఎక్కువగా పోయేది నూనె మిల్లులకు, నూనె తీసిన చెక్క కోళ్ల దాణాకు. కోడి తిన్న మాంసకృత్తుల్లో కొంత భాగమే మన కంచంలోకి తిరిగొస్తుంది. నేరుగా గింజే తింటే ఆ నష్టం ఉండదు. మొక్కల ఆహారం వైపు వాదించేవాళ్ల బలమైన మాట ఇదే, దీనికి జవాబు చెప్పడం కష్టం.

పర్యావరణం లెక్కా వాళ్లవైపే మొగ్గుతుంది. 2018లో ‘సైన్స్’ పత్రికలో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ వేసిన ప్రపంచ సగటు ప్రకారం, లీటరు పశువుల పాలకు 3.15 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. సోయా పాలకు అది 0.98 కిలోలే. నీరు పాలకు 628 లీటర్లయితే సోయాకు 28. అయితే ఘట్‌కేసర్ బర్రె తినేది వరిగడ్డి, తవుడు, ఇదిగో ఈ పిప్పి. మనిషి తినలేనివాటిని పాలుగా మార్చే జంతువు అది. తక్కువ పాలిచ్చే పశువుకు లీటరు మీద పడే మీథేన్ వాటా ఎక్కువన్నదీ నిజమే. కానీ సెంటు భూమి లేని ఇంట్లో వారం వారం చేతికొచ్చే డబ్బు పాల కేంద్రం నుంచే వస్తుంది. 2021లో వీగన్ పాలకు మారమని జంతు హక్కుల సంస్థ పెటా అమూల్‌కు సలహా ఇచ్చినప్పుడు, పాడి రైతుల బతుకేమిటని అమూల్ ఎదురడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా సరైన జవాబు నేను వినలేదు.

సోయాకు ఇచ్చిన మార్కులు దాని చుట్టాలన్నిటికీ ఇవ్వలేను. బాదం పానీయమే తీసుకోండి. పాల ధరకు మూడు నాలుగు రెట్లు పెట్టి కొంటే, 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము మాంసకృత్తులు కూడా ఉండవు చాలావాటిలో. పైన చెప్పిన లెక్కలోనే బాదానికి లీటరుకు 371 లీటర్ల నీరు. ఆ బాదం మనకు ఎక్కువగా వచ్చేది నీటి కరువున్న కాలిఫోర్నియా నుంచి. గుప్పెడు బాదం పప్పులు నమిలితే అంతకంటే మేలు. ఓట్ పానీయం వాయువుల విషయంలో నయం, కాఫీలో నురగ బాగా కడుతుంది. అంతకుమించి దాన్నుంచి ఏమీ ఆశించకూడదు.

ఫ్రీజరు తెరిచి ‘మొక్కల చికెన్’ పొట్లం తీశారు. సోయా మాంసకృత్తులు, గోధుమ గ్లూటెన్, నూనె, ఉప్పు, ఈస్టు సారం, పట్టు కోసం మిథైల్ సెల్యులోజ్. వేడి, ఒత్తిడి పెట్టి యంత్రంలోంచి నెడుతూ, బయటికొచ్చే దారిలో చల్లారిస్తే పోగులు పోగులుగా సాగే గుణం వస్తుంది. వాళ్లే వేపి పెట్టారు. కరివేపాకు, పచ్చిమిర్చి, ఎర్రటి 65 మసాలాలో చికెన్‌కు చాలా దగ్గరగా ఉంది. ఆ మసాలాలో ముంచితే అట్టముక్క కూడా బాగుంటుందేమో అనుకున్నాను గానీ పైకి అనలేదు.

అమెరికాలో దీని వెనక పెద్ద డబ్బే నడిచింది. 2016లో ఇంపాజిబుల్ బర్గర్ కంపెనీ సోయా వేరు బుడిపెల్లో ఉండే హీమ్ ప్రొటీన్‌ను ఈస్టులో పెంచి, మాంసం రంగూ వాసనా తెప్పించింది. 2019లో బియాండ్ మీట్ అనే కంపెనీ 25 డాలర్లకు షేరు అమ్మితే రెండు మూడు నెలల్లోనే 200 దాటింది. తర్వాత పాతాళానికి జారింది. కుతూహలంతో ఒకసారి కొన్నవాళ్లలో చాలామంది మళ్లీ కొనలేదు. మేలు లేదనలేం. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందికి ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు దాని మొక్కల నకలు పెట్టి చూస్తే, నకలు తిన్నప్పుడు ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, బరువు కొంత తగ్గాయి. ఆ పరీక్షలో వాళ్లు మాంసమైనా నకలైనా రోజుకు రెండు వడ్డనలకు తగ్గకుండా తిన్నారు, అది గమనించాలి. ఆదివారం పావుకిలో చికెన్ నలుగురు పంచుకునే ఇంటికి ఆ లాభం లెక్కకు రాదు. ఆ ఇంటికి ఇలాంటి సరుకే కావాలంటే కిరాణా కొట్టు మీల్ మేకర్ ఉండనే ఉంది. అదీ నూనె తీసిన సోయా పిండే. ఎండు సరుకులో సగం మాంసకృత్తులు, పెళ్లి భోజనాల్లో పాత కాపు. ఉప్పూ తక్కువే, ఎందుకంటే మనమే వేసుకుంటాం. పనసపొట్టును మాంసానికి బదులని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మీద నాకు వల్లమాలిన ప్రేమ, కానీ మాంసకృత్తుల కోసం దాన్ని తినమంటే ఒప్పుకోను.

ఒక్క విషయంలో మాత్రం యజమానీ నేనూ గొంతు పెంచి మాట్లాడుకున్నాం. కొందరు తల్లులు ఏడాది నిండిన పిల్లలకు ఈ పాలే పట్టిస్తామని ఫోన్ చేస్తారట. ఆయన వద్దనే చెబుతారు, సీసా మీద మాత్రం ఆ మాట లేదు. 2001లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో అమెరికా వైద్యులు ఇద్దరు పసివాళ్ల గురించి రాశారు. బియ్యం పానీయంతో పెరిగిన బిడ్డకు మాంసకృత్తులు చాలక వచ్చే క్వాషియోర్కర్, సోయా పానీయంతో పెరిగిన బిడ్డకు ఎముకలు మెత్తబడే రికెట్స్. డబ్బులేని ఇళ్లలో వచ్చే జబ్బులు, ఆరోగ్యమనుకుని కొన్న ప్యాకెట్లతో వచ్చాయి. అలర్జీ ఉన్న బిడ్డకు ఏం పట్టాలో పిల్లల డాక్టరే చెప్పాలి. “సీసా మీద వేయిస్తాను” అన్నారాయన చివరికి.

పెద్దలకు చిక్కు విటమిన్ బి12తో. మొక్కల్లో అది ఉండదు. మన శాకాహారులకు అది అందేదే పాలూ పెరుగుల నుంచి, అదీ చాలీచాలకుండా. అవి కూడా మానితే బి12 కలిపిన సరుకో, మాత్రో తప్పదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయాకూ మాత్రకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి. మగవాళ్ల హార్మోన్లు తగ్గిపోతాయన్న వదంతికి మాత్రం పరిశోధనల్లో ఆధారం దొరకలేదు.

వచ్చేముందు పెరుగు రుచి చూపించారు. సోయాది గడ్డకట్టింది గానీ పులుపు వెనక పసరు దాగలేదు. పల్లీ పాలను పచ్చిమిర్చి తొడిమలతో తోడేసింది నయం, ఊరగాయ నంజుకుంటే ముద్ద దిగింది. గేదె పెరుగుతో పందెం వేయను.

పాలు పడనివాళ్లు, అలర్జీ ఉన్నవాళ్లు, జంతువుల బాధ చూడలేక మానేసినవాళ్లు ధైర్యంగా సోయా పాలు, జిప్సం టోఫు, మీల్ మేకర్ వాడుకోవచ్చు, బి12 మరిచిపోకుండా. రోజూ మాంసం తినేవారికి నకలు మాంసం వారంలో రెండు పూటలు మేలే. పాలు అరిగి, పెరుగన్నం ఇష్టపడి, ఎప్పుడో ఒకసారి కోడి కోసుకునే ఇంట్లో ఈ సరుకు కోసం ఖర్చు పెట్టే పనే లేదు. కొనేవాళ్లు ప్యాకెట్టు ముందున్న ఆకుపచ్చ బొమ్మను వదిలేసి, వెనక్కి తిప్పి మూడు అంకెలు చూడండి: మాంసకృత్తులు, కాల్షియం, ఉప్పు. 100 మిల్లీలీటర్ల ‘పాల’లో మాంసకృత్తులు ఒక గ్రాము దాటకపోతే అక్కడే పెట్టేసి రండి.