కారు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవారికి మా వాడి సంగతి తెలియదు. తెలిస్తే మూడోది కూడా చేర్చేవారు. హైదరాబాదులో ఉద్యోగం, మూడేళ్లుగా కూడబెట్టిన డబ్బు. హాయిగా ఓ కొత్త కారు కొనుక్కోవచ్చు కదా! అబ్బే, వాడికి స్పోర్ట్స్ కారు కావాలి. అదీ పాత మారుతి ఎస్టీంకి పెద్ద ఇంజను, వెడల్పు చక్రాలు వేసి, నేలకి ఆనేలా కిందికి దించినది. అలాంటిది కోదాడలో ఒకటి అమ్మకానికుందట. అది కాకపోతే మామూలు ఎస్టీం కొని, సూర్యాపేట మెకానిక్కు చేత తన ఇష్టప్రకారం చేయించుకుంటాడట.

మా వారు లెక్కల మనిషి. "సోకులకి పోసిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదే. రూపాయి పెట్టినవాడికి పావలా వస్తుంది. ఆ నష్టమేదో వాడే పడ్డాడు, మనం కొనుక్కుంటే సరి" అన్నారు. నిజమే. కానీ ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్టు చవగ్గా వచ్చిందని తొడుక్కుంటామా? పైన జరీ మెరుస్తుంది, లోపల కుట్టు ఎలా ఉందో ఎవరు చూశారు? కారులో ఆ కుట్లే వైర్లూ, బ్రేకు గొట్టాలూ.

సరే, మిర్యాలగూడ నుంచి ముగ్గురం కోదాడ వెళ్లాం. బండి ఎర్రగా, పెళ్లికొడుకులా ఉంది. వీధి చివర స్పీడుబ్రేకరు దాటేటప్పుడు మాత్రం కింద కర్రుమని గీసుకుంది. నా కడుపులో గీసినట్టయింది. మా వారు ఆర్సీ చూపించమన్నారు. అందులో పాత ఇంజను నంబరే ఉంది! బిల్లులు అడిగితే అమ్మేవాడు టీ తెప్పించాడు.

కంపెనీవారి వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే అంది. చెప్పకుండా మార్పులు చేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు బీమావాళ్లు పేచీ పెట్టొచ్చు. పైగా పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి. ఎస్టీంలు రావడం ఆగిపోయిందే 2007లో!

తిరుగుదారిలో సూర్యాపేటలో ఆగాం. మెకానిక్కు నవ్వి, "ఇంజన్ మార్చుడెందుకమ్మా? ఉన్నదాన్నే విప్పి మంచిగ చేద్దాం. ముందుగాల బ్రేకులు, ఎనక స్పీడు" అన్నాడు. ఎన్నాళ్లని అడిగితే ఆర్నెల్లన్నాడు. ఇల్లు కట్టించినదాన్ని, ఆర్నెల్లంటే ఏడాదిన్నర అని నాకు తెలుసు.

అయినా కట్టించడానికే నా ఓటు. ఎందుకో మీకు మాత్రం చెబుతాను, మా వారికి చెప్పకండి. కోదాడ బండి కొంటే వాడు ఆ హైవే మీద రయ్యిమని హైదరాబాదు పోతాడు, మళ్లీ దసరాకే రావడం. సూర్యాపేటలో బండి విప్పి పెట్టుంటే ఆదివారం ఆదివారం వచ్చి చూసుకోవద్దూ? అక్కడిదాకా వచ్చినవాడు ఇంటికి రాకుండా పోతాడా? ఏడాదిన్నర ఆదివారాలంటే మాటలా!

మా వారు ఇంకా ఊ అనలేదు. నిన్న రాత్రి మాత్రం పాలచీటీ వెనకాల ఏదో లెక్క వేస్తూ కనిపించారు. తొంగి చూశాను. మొదటి వరసలో "బ్రేకులు" అని ఉంది.