నీళ్లు తాగే లారీ

మా కోనసీమ అంతా చదును నేల. అమలాపురం నుంచి రాజోలు వెళ్లినా, కొత్తపేట మీదుగా రావులపాలెం చేరినా లారీ గట్టిగా లాగాల్సింది వంతెనలు ఎక్కేటప్పుడే. అందుకని ఇంజన్లో లోపం మొదలైనా ఇక్కడ తొందరగా బయటపడదు. అంబాజీపేటలో కొబ్బరికాయ లోడెత్తి తిరిగే రోజుల్లో ఈ సంగతి నాకు తట్టలేదు.

పొద్దున్నే రేడియేటర్ మూత తీస్తే నీళ్లు కాస్త తగ్గి ఉండేవి. క్లీనరు సీసాడు పోసేవాడు. కొన్నాళ్లకి సీసా చాలక డబ్బాతో పోశాడు. బండి పాతబడింది, నీళ్లు తాగుతోంది అనుకున్నాం. మీరూ మీ స్కూటర్ గురించో, పొలంలో మోటారు గురించో ఇలాంటి మాటే అనుకుని ఉంటారు. ఒకసారి అలా అనేసుకున్నాక ఇక దాని గురించి ఆలోచించం. బండి కింద నేల మాత్రం పొడిగా ఉండేది. గొట్టాల దగ్గర తడి లేదు, వాటర్ పంపు దగ్గర చుక్క లేదు. లీకు లేదని సంతోషించాను. భయపడాల్సింది అక్కడే. నేల తడవకుండా నీళ్లు తగ్గుతున్నాయంటే ఇంజన్ లోపలికి పోతున్నాయేమోనని చూసుకోవాలి.

వేరే గుర్తులూ కనిపించాయి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు మిస్సింగ్ కొట్టేది, తెల్లటి పొగ వచ్చేది. మంచు రోజుల్లో తెల్లపొగ ఎవరికి వింత? కానీ ఇంజన్ వేడెక్కాక అది ఆగాలి. మాది ఆగేది కాదు. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి రేడియేటర్ పై గొట్టం నొక్కితే మెత్తగా ఉండాలి. మాది బిగిసి ఉండేది. ఆయిల్లో నీళ్లు కలిస్తే పాలు పోసిన టీలా మారుతుందని విన్నాను. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది. ఆ ఒక్కటీ చూసుకుని ధైర్యంగా రాయపూర్ లోడు ఒప్పుకున్నాను.

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాటు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. పక్కకి ఆపి, మూత మీద గోనె వేసి తిప్పాను. సలసల కాగే నీళ్లు పైకి చిమ్మాయి. మొహం కాలకపోవడం అదృష్టం. కాస్త తగ్గగానే చన్నీళ్లు పోసేశాను. అంత వేడి మీదున్న ఇంజన్ హెడ్డుకి చన్నీళ్లు తగిలితే వంగిపోవచ్చు, పగలొచ్చు.

సాలూరు లారీల ఊరు. బండిని అక్కడికే లాగించాం. ఒక పెద్ద వయసు మేస్త్రి నేను చెప్పిందంతా విని, "తాగిన నీరు ఏటవుతోందో ఎప్పుడైనా చూసినావా బాబూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, అంచుదాకా నీళ్లు నింపి స్టార్ట్ చేయించాడు. బుడగలు ఆగకుండా వచ్చాయి. అంతమాత్రానికి హెడ్డుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందని అనలేదు. ఎయిర్ బ్రేకుల కంప్రెసర్ హెడ్డుకీ ఈ నీళ్లే తిరుగుతాయి. అక్కడ లీకైనా బుడగలొస్తాయి. దాని గొట్టాలు విప్పి, నీళ్లు అటు పోకుండా కలిపేసి మళ్లీ చూశాడు. బుడగలు ఆగలేదు. అప్పుడు హెడ్డు దింపాడు.

గ్యాస్కెట్ చేతిలో పెట్టి చూపించాడు. మూడో సిలిండర్ అంచు నుంచి నీళ్ల రంధ్రం దాకా సన్నటి నల్లచార. నా గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి. డీజిల్ ఇంజన్లో గాలిని సుమారు 16, 17 వంతుల్లో ఒక వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ ఒత్తిడంతా గ్యాస్కెట్ ఆపాలి. ఆపలేకపోతే బండి నడిచేటప్పుడు మంట గాలి నీళ్లలోకి దూరుతుంది. అవే బుడగలు, అదే గొట్టంలో బిగువు. బండి ఆగాక ఆ ఒత్తిడికి నీళ్లు సిలిండర్లోకి జారతాయి. అదే పొద్దుటి మిస్సింగ్, తెల్లపొగ. చార ఆయిల్ దారి వైపు పోలేదు కాబట్టి ఆయిల్ నల్లగానే ఉండిపోయింది. సిలిండర్లో నీళ్లు ఇంకాస్త చేరి ఉంటే, నీరు నలగదు కాబట్టి, సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోయేదన్నాడు. రోజూ పొద్దున అదే ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టాను. ఆ మాటకి కాళ్లు వణికాయి.

హెడ్డు మీద ఇనుప స్కేలు పెట్టి చూస్తే మధ్యలో సందు. ఘాటు వేడికి వంగిందో, నేను పోసిన చన్నీళ్లకి వంగిందో చెప్పలేనన్నాడు. హెడ్డు ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టుల్ని మధ్య నుంచి అంచులకి వరసగా, విడతలు విడతలుగా టార్క్ రెంచితో బిగించాడు. కాయ వేరే లారీకి మార్చి పంపాం, ఆ బాడుగ వాళ్లకే పోయింది.

ఇప్పుడు మా బండ్లకి నీళ్లు పోస్తే ఎంత పోశారో డీజిల్ లెక్క పక్కనే రాస్తారు. వరసగా రెండు రోజులు రాయాల్సి వచ్చి, బండి కింద నేల పొడిగా ఉంటే, ఆ బండి లోడుకి వెళ్లదు.