పద్మిని క్రాంక్ ఎక్కడ విరుగుతుంది?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వీధులు దాటి లోపలికి వెళ్తే క్రాంక్ గ్రైండింగ్ షాపులు వస్తాయి. నేను వెళ్లిన షాపుకి వచ్చే పనంతా దాదాపు లారీలదీ ట్రాక్టర్లదీ. గోడవార మాత్రం కొన్ని చిన్న క్రాంక్‌లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రీమియర్ పద్మినివి, అంబాసిడర్‌వి, ఒకప్పుడు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ది ఒకటి. పాత కార్లు దాచుకున్నవాళ్లు గుంటూరు నుంచీ ఏలూరు నుంచీ కూడా తెచ్చి ఇస్తున్నారట.

పెద్ద మేస్త్రి గారు నాకు మొదట చూపించింది రెండు ముక్కలైన పద్మిని క్రాంక్. విరిగిన చోటు కిరోసిన్‌తో కడిగి గుమ్మం దగ్గర ఎండలో పట్టుకున్నారు. సగానికి పైగా నున్నగా ఉంది. ఆ నునుపు మీద ఆల్చిప్ప పైన ఉండేలాంటి సన్నటి వంపు గీతలు. మిగతా భాగం గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంది. “ఈ నున్నటిదంతా మెల్లగా పాకిన పగులండి. చివర్న ఈ గరుకు ముక్క ఒక్కటే మోసింది. అది తెగిన రోజునే బండి ఆగింది” అన్నారు. యజమాని లెక్కలో మాత్రం క్రాంక్ ఆ రోజే, ఆ రోడ్డు మీదే విరిగింది.

ఆ వంపు గీతలన్నీ ఒకే చోటు నుంచి బయల్దేరాయి. బేరింగ్ కూర్చునే గుండ్రటి జర్నల్, దాని పక్కగోడను కలిసే మూల అది. కొత్త క్రాంక్‌లో ఆ మూల కోసినట్టు ఉండదు, చిన్న వంపు తిరిగి ఉంటుంది. దాన్నే షాపుల్లో రేడియస్ అంటారు. ఇంతకుముందు ఎక్కడో ఈ క్రాంక్‌ను గ్రైండ్ చేసినవాళ్లు రాయి అంచును డైమండ్‌తో గుండ్రంగా దిద్దుకోలేదు. చదరపు అంచుతోనే లోపలికి దింపేశారు. వంపు పోయి పదునైన మూల మిగిలింది. లోడ్ పడినప్పుడల్లా ఒత్తిడంతా ఆ గీత మీదే పడింది.

ఎంత లోడ్? పద్మినిది 1089 సీసీ ఇంజన్. నాలుగు సిలిండర్లకు మూడే మెయిన్ బేరింగులు. ఇప్పటి నాలుగు సిలిండర్ల కార్లకు మామూలుగా అయిదుంటాయి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్ గంటకు 90,000 సార్లు మండుతుంది. ప్రతిసారీ క్రాంక్ కంటికి కనబడనంత వంగి లేస్తుంది. ఇంగ్లండులో 1922లో మొదలై 1939 దాకా తయారైన ఆస్టిన్ సెవెన్‌కైతే చాలాకాలం రెండే మెయిన్ బేరింగులు, రెండు కొసలా ఒక్కొక్కటి. క్రాంక్‌లు విరగడంలో దానికి పెద్ద పేరుంది. 1936లో గాని మధ్యలో మూడోది రాలేదు. మన పద్మిని అంత నాజూకైనది కాదు. అయినా దాని క్రాంక్ మీద అజాగ్రత్త పనికిరాదు.

గ్రైండింగ్‌కు ముందు పగుళ్లు వెతకాలి. పనికి వచ్చిన మరో క్రాంక్‌ను అయస్కాంతంలా మార్చి, సన్నటి ఇనుప పొడి కలిపిన ద్రవం పోసి, చీకట్లో అల్ట్రావయొలెట్ దీపం వేశారు. పగులుంటే పొడి అక్కడ చేరి గీతలా వెలుగుతుంది. మూలలతో పాటు నూనె రంధ్రాల అంచులు కూడా చూశారు, పగులు పుట్టే రెండో చోటు అదే కనక. క్రాంక్‌ను వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టి మోత వినే పాత పద్ధతి ఇప్పటికీ ఉంది. ఖంగుమంటే మంచిదని, బొంగురుగా మోగితే పగిలిందని లెక్క. పెద్ద పగులైతే దొరుకుతుందేమో గానీ, ఆ విరిగిన పద్మిని క్రాంక్‌లో మొదలైనంత సన్నటిది అలా తెలియదు. ఒక్క సుత్తి మోతనే నమ్ముకోవడం నాకు సమ్మతం కాదు.

తర్వాత క్రాంక్‌ను వీ బ్లాకుల మీద పెట్టి, నడి జర్నల్‌కు డయల్ గేజ్ ఆనించి తిప్పారు. వంగిందీ లేనిదీ ముల్లు చెబుతుంది. గ్రైండింగ్ జరిగినంతసేపూ కూలెంట్ ధార ఆగలేదు. రాయి వేడికి జర్నల్ మాడితే పైపొరలోనే సన్నటి పగుళ్లు పుడతాయి, అంటే కొత్త రోగం షాపులోనే అంటుతుంది. టెన్ సైజ్ అంటే పావు మిల్లీమీటరు తగ్గించడం, ట్వంటీ అంటే అర. పాత బండికి ఏ సైజు బేరింగులు దొరుకుతాయో ముందు తెలుసుకోకుండా ఈయన రాయి పెట్టరు. “బేరింగ్ సెట్ చేతికొచ్చాకే నా దగ్గరికి రండి సార్. ఒకసారి పోయిన ఇనుము మళ్లీ రాదు.”

బిగింపులోనూ, ఆ తర్వాత నడపడంలోనూ జాగ్రత్తలున్నాయి. క్రాంక్ లోపలి నూనె దారుల్లో గడ్డకట్టిన మడ్డి తీయకపోతే కొత్త బేరింగులు కూడా ఎండిపోతాయి. మెయిన్ క్యాప్ బోల్టులకు టార్క్ రెంచ్ తప్పదు. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, నూనె ఒత్తిడి వచ్చేదాకా ఇంజన్‌ను సెల్ఫ్‌తో తిప్పాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గుంజుకుంటున్నా టాప్ గేర్‌లోనే లాగించకూడదు.

మీ ఇంట్లో పద్మినో హెరాల్డో ఉంటే, ఇంజన్ విప్పిన రోజు క్రాంక్ వెంట మీరే షాపుకి వెళ్లండి. రాయి పెట్టకముందే క్రాక్ టెస్ట్ చేయించండి. మూలల్లో రేడియస్ ఎంత ఉంచుతారో అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే షాపులో మీ క్రాంక్ దించకండి.